స్పినోజా చరిత్రము – ప్రవక్తల స్వప్నములు

నిద్రయందు మనుష్యుఁడు చూచు చిత్రములు మేలుకొనినతోడనే మాసిపోవునవి యైనను, వాని యర్థ మేమో తెలిసికొనవలయునను కోరిక మాత్రము మనస్సును విడువదు. రాజును కూలివాఁడును, పండితుఁడును పామరుఁడును ఈ కోరికయందు సమానులే. తెల్లవాఱుజామున వచ్చిన కల నిజమగునని నమ్మువారును, కీడుకల వచ్చెనని ప్రయాణము మానుకొనువారును, స్వప్నఫలములకై పంచాంగము తిరుగవేయువారును మన యిండ్లలో నున్నారు. ఇది యొక్క మన దేశమునకే చెందిన విషయము కాదు.

యూదుల ధర్మగ్రంథమునందును, క్రైస్తవుల ధర్మగ్రంథమునందును స్వప్నములకుఁ గల స్థానము మిక్కిలి గొప్పది. యాకోబు రాతిని తలగడగాఁ బెట్టుకొని పరుండి, భూమినుండి యాకాశము నంటియున్న నిచ్చెనను, దానిపై నెక్కుచు దిగుచు నున్న దేవదూతలను జూచెను. అతని కుమారుఁడైన యోసేపు, తన పనకు అన్నల పనలు సాగిలపడినట్లు కలఁగనెను. ఐగుప్తురాజైన ఫరో, బలిసిన యేడావులను జిక్కిపోయిన యేడావులు మ్రింగివేయుట చూచెను. బబులోను రాజైన నెబుకద్నెజరు, తల బంగారమును, పాదములు ఇనుమును మట్టియుఁ గలిసినవియు నైన ప్రతిమను జూచి కలఁత చెందెను. మత్తయి సువార్తయందు మరియభర్తయైన యోసేపునకు, శిశువును దీసికొని యైగుప్తునకుఁ బాఱిపొమ్మని స్వప్నమందే యాజ్ఞ కలిగినది. యేసును విచారించుచున్న పిలాతునకు అతని భార్య తన కలనుబట్టి, ఆ నీతిమంతుని జోలికిఁ బోవలదని కబురంపినది.

ఈ స్వప్నములలో దైవవాణి యేది? మనుష్యుని మనస్సు కల్పించినది యేది? కల నిజమగుటయే దాని దైవత్వమునకు గుఱుతా? ఈ ప్రశ్నలను భయములేక విచారించి, గ్రంథమందలి మాటలను గ్రంథముతోనే పరీక్షించి, తాను సత్యమని కనుఁగొన్న దానిని లోకమునకుఁ దెలిపిన మహాపురుషుఁ డొకఁడు పదునేడవ శతాబ్దమున హాలండుదేశమునందుండెను. అతని పేరు స్పినోజా. అతని చరిత్రమును, స్వప్నములను గూర్చి యతఁడు చేసిన విచారమును సంగ్రహముగాఁ జదువరులకుఁ దెలుపఁ దలఁచినాము.

స్పినోజా 1632వ సంవత్సరము నవంబరు 24వ తేదిని ఆమ్‌స్టర్డాము నగరమున జన్మించెను. ఇంటివా రతనిని పోర్చుగీసుభాషలో బెంతో యని పిలిచిరి; యూదుల దేవాలయమునందు హెబ్రీభాషలో నతనిపేరు బారూకు; తరువాత లాటినుభాషలో నతఁడు బెనెడిక్టుసు అని వ్రాసికొనెను. మూఁడుపేరులకును ఆశీర్వదింపఁబడినవాఁ డనియే యర్థము. ఈ పేరుగలవానిని స్వజనులు ఏ మాటలతో సాగనంపిరో ముందు చెప్పెదము.

అతని పూర్వులు పోర్చుగలుదేశమునుండి వచ్చిన యూదులు. 1497వ సంవత్సరమున నా దేశపు రాజు యూదుల నందఱను బలవంతముగా క్రైస్తవులను జేసెను. అనేకులు పైకి క్రైస్తవాచారములను నడపుచు, తలుపులు మూసికొని పూర్వమతము నవలంబించుచు వచ్చిరి. 1536వ సంవత్సరమున నచట మతవిచారణసభ యేర్పడినపిమ్మట నట్టివారిని వెదకి పట్టుకొని హింసించుట ప్రారంభమాయెను. కొందఱు మంటలలోఁ గాల్పఁబడిరి. తప్పించుకొనఁగలిగిన కుటుంబములు పలుదేశములకుఁ జెదరిపోయి, కొన్ని హాలండునకుఁ జేరినవి. అచ్చట వారు బహిరంగముగా దేవాలయము కట్టుకొని, తమ పిల్లలకు హెబ్రీభాషను జెప్పించుకొనఁ గలిగిరి. ఇంతటి కష్టముతో సంపాదించుకొన్న యా చిన్న నిలువనీడ యెక్కడఁ బోవునో యను భయము వారిని విడువలేదు. స్పినోజాయెడ వారు చూపిన కాఠిన్యమును విచారించునప్పుడు ఈ సంగతిని మఱవరాదు.

తండ్రి మికాయేలు వర్తకుఁడు. తల్లి 1638లో, బాలున కాఱేండ్లు నిండకమునుపే, గతించినది. బాలుఁడు యూదుల పాఠశాలయందు హెబ్రీభాషను, మోషే ధర్మశాస్త్రమును, ప్రవక్తల గ్రంథములను అభ్యసించెను. యోసేపు పనలను గూర్చియు, దానియేలు చూచిన మృగములను గూర్చియు నతఁడు నేర్చికొన్నది కథలుగాఁ గాదు. మూలభాషయందు, వ్యాఖ్యానములతోఁ గూడ నేర్చికొనెను. ఆ వ్యాఖ్యానకారులలో నగ్రగణ్యుఁడు 1204వ సంవత్సరమునఁ గాలధర్మమునొందిన మైమానిడీసు. మోషే తప్పఁ దక్కిన ప్రవక్తలందఱకును జ్ఞానము స్వప్నమునందో దర్శనమునందో కలిగినదనియు, అది మొదట బుద్ధియందు వ్యాపించి పిదప ఊహాశక్తియందుఁ బ్రకాశించు దైవప్రసాదమనియు మైమానిడీసు బోధించెను. దేవదూత వచ్చి మాటలాడెనని గ్రంథమున నున్నచోట్ల నెల్ల అది స్వప్నమనియో దర్శనమనియో గ్రహింపవలయునని యతని మతము. ఈ బోధ యువకుఁడైన స్పినోజా మనస్సున నాటుకొనెను. దానిని జీవితకాలమంతయు విచారించుచు, తుదకుఁ గొంత యంగీకరించి కొంత త్రోసివేసెను.

1654లో తండ్రి చనిపోఁగా, స్పినోజా తమ్మునితోఁ గూడి వ్యాపారమును నడపెను. ఆ కాలముననే లాటినుభాషయు, నూతన తత్త్వశాస్త్రమును నతని కలవడినవి. ప్రశ్నలు పెరిగినవి. పెద్దలకుఁ గలిగిన యనుమానములును బెరిగినవి. 1656వ సంవత్సరము జూలై 27వ తేదిని ఆమ్‌స్టర్డాము యూదుల దేవాలయమునందు బహిష్కారపత్రము చదువఁబడెను. అతఁడు పరుండునప్పుడును లేచునప్పుడును శాపగ్రస్తుఁడు కావలయుననియు, ఎవ్వరు నతనితో మాటలాడరాదనియు, నాలుగు మూరల దూరములోనికిఁ బోరాదనియు, అతఁడు వ్రాసినదేదియుఁ జదువరాదనియు దానియందు శాసింపఁబడెను. అతఁడు చెడు భావములు గలవాఁడని యందు వ్రాసిరి గాని, యా భావము లేవో విప్పి చెప్పలేదు. నాఁటి కతని వయస్సు ఇరువదిమూఁడేండ్లు. ఆశీర్వదింపఁబడినవాఁ డను పేరుగలవానికి దేవాలయమునుండి దొరకిన ప్రసాద మిది!

ఒక మతమునుండి వెడలఁగొట్టఁబడినవాఁడు కోపముచేతనో దిక్కులేకయో మఱియొక మతములోఁ జేరుట లోకమునఁ గానవచ్చుచున్నది. స్పినోజా యట్లు చేయలేదు. అతనికి క్రైస్తవమిత్రులు చాలమంది యుండిరి. అయినను తాను నమ్మనిదానిని నమ్మినట్లు నటించి వారిలోఁ గలియలేదు. దుర్భిణీలకును సూక్ష్మదర్శినులకును గావలసిన గాజుబిళ్లలను అరఁగదీసి మెఱుఁగుపెట్టు పనిలో నిపుణుఁడాయెను. గొప్ప శాస్త్రజ్ఞుఁడైన హైగెన్సు సహిత మతని బిళ్లలను మెచ్చుకొనెను. ఆమ్‌స్టర్డామును విడిచి మొదట రైన్స్‌బర్గు గ్రామమునందును, 1663 మొదలుకొని వూర్బర్గునందును, తరువాత హేగు నగరమునందును అద్దెగదులలో నివసించెను. 1663లో డేకార్టు తత్త్వమును వివరించు గ్రంథము నొకదానిని దన పేరుతోఁ బ్రకటించెను. తన జీవితకాలమునఁ దన పేరుతో నతఁడు ప్రకటించిన గ్రంథ మిది యొక్కటియే.

వూర్బర్గునందుండఁగా నతని కొక యుత్తరము వచ్చినది. ఆ గ్రంథమును డచ్చిభాషలోనికి మార్చిన పీటరు బాలింగు అను వర్తకుఁ డతనికిఁ బ్రాణమిత్రుఁడు. బాలింగు బిడ్డ చనిపోయెను. ఆ దుఃఖములో నాతఁడు మిత్రునికొక విషయము వ్రాసికొనెను. బిడ్డ యింకను ఆరోగ్యముగా నాడుకొనుచున్న దినములలోనే, ఒకరాత్రి తనకు మూల్గులు వినఁబడినవఁట. తరువాత బిడ్డ జబ్బుపడి చనిపోవునప్పుడు మూల్గిన మూల్గులును సరిగా నట్టివే యఁట. ఇది ముందుగా వచ్చిన సూచనయా యని యాతఁడు స్పినోజా నడిగెను.

ఇట్టి యుత్తరము చేతికి వచ్చినప్పుడు యుక్తివాది యేమి చేయును? మూఢనమ్మకమని యొక మాటలోఁ ద్రోసివేయుట సులభము; దైవసూచనయే యని తల యూపుట యింకను సులభము. స్పినోజా యా రెండును జేయలేదు. 1664వ సంవత్సరము జూలై 20వ తేదిని వ్రాసిన ప్రత్యుత్తరమునందు, మొదట మిత్రునిదుఃఖమును దాను పంచుకొనుచున్నట్లు తెలిపి, పిదప విషయమును విచారించెను. ఆ మూల్గులు నిజమైన ధ్వనులు కావనియు, లేచి శ్రద్ధగా వినఁబోయినప్పు డవి యంత స్పష్టముగా వినరాలేదని బాలింగే వ్రాసినాఁడు గనుక నవి యూహాశక్తివలనఁ గలిగినవే యనియుఁ జెప్పెను. ఇందుకుఁ దన యనుభవమునే దృష్టాంతముగాఁ జూపెను. ఒకనాఁడు తెల్లవాఱుచుండఁగాఁ దాను గాఢమైన కలనుండి మేల్కొనినప్పుడు, ఎన్నఁడును జూచియెఱుఁగని యొక నల్లని బ్రెజిలుదేశీయుని రూపము కన్నులయెదుట నిజమైనదానివలె నిలిచెననియు, పుస్తకముమీఁదనో మఱియొక వస్తువుమీఁదనో దృష్టి నిలిపినప్పుడది మాయమగుచు, దృష్టి సడలింపఁగా మరల వచ్చుచు, క్రమముగా నశించెననియు వ్రాసెను.

తరువాత నతఁడొక భేదమును జూపెను. జ్వరము మొదలైన దేహవికారములవలనఁ గలుగు కల్పనలు రాఁబోవుదానికి సూచనలు కానేరవు. మనస్సు యొక్క స్థితివలనఁ గలుగు కల్పనలు మాత్రము రాఁబోవుదానిని అస్పష్టముగాఁ దెలుపవచ్చును. తండ్రి బిడ్డను బ్రేమించునప్పుడు వా రిరువురు నొక్కటియే యైనట్లుందురు. కావున బిడ్డ జీవితమునందలి సంగతులు తండ్రి మనస్సున నీడవలెఁ దోఁపవచ్చును. ఇది స్పినోజా యిచ్చిన సమాధానము. దీని నందఱును అంగీకరింపకపోవచ్చును. కాని యతఁడు ఆ మూల్గులను ఆకాశమునుండి దిగిన యద్భుతముగాఁ జేయలేదనియు, తండ్రి ప్రేమను దుర్బలత్వముగా హేళనచేయలేదనియు గమనింపవలయును. కలకుఁ గారణమును ఆతఁడు ప్రేమయందే వెదకెను.

ఆ మఱుసటి సంవత్సరముననే యతఁడు ధర్మగ్రంథములను గూర్చి యొక పెద్దగ్రంథమును వ్రాయుచున్నట్లు ఇంగ్లండునందలి మిత్రుఁడగు ఓల్డెన్‌బర్గునకుఁ దెలిపెను. మతాచార్యుల దురభిప్రాయములు మనుష్యులను విచారమునుండి మఱల్చుచున్నవనియు, సామాన్యజనులు తనను నాస్తికుఁడని నిందించుచున్నారనియు, స్వేచ్ఛగా నాలోచించి మాటలాడు హక్కును బోధకుల యధికారము అణఁచివేయుచున్నదనియు, అందుచేతనే తానీ పనికిఁ బూనుకొంటిననియుఁ జెప్పెను. ఆ గ్రంథము మతమును రాజ్యమును గూర్చిన విచారము. అది 1670లో గ్రంథకర్త పేరు లేకయే వెలువడెను. ఆమ్‌స్టర్డామునందు ముద్రింపఁబడినను, ముఖపత్రముపై హాంబర్గునగరము పేరును, కల్పితమైన ప్రకాశకుని పేరును వేయవలసివచ్చెను. సత్యమును జెప్పుటకు నాఁటి కాలమున నట్టి ముసుఁగు కావలసియుండెను.

ఆ గ్రంథము మొదటి రెండధ్యాయములును ప్రవక్తలను గూర్చినవే. వానిలోని సారము నిట సంగ్రహించెదము.

ధర్మగ్రంథమును గ్రంథముతోనే యర్థము చేసికొనవలయునని యతని నియమము. మనకు నచ్చిన తత్త్వమును ముందుగాఁ బెట్టుకొని, గ్రంథమందలి వాక్యములను దానికి సరిపడునట్లు వంచుట యన్యాయము. ఈ కారణముచేతనే యతఁడు మైమానిడీసును గట్టిగా నాక్షేపించెను. మనోహకుఁ గనఁబడిన దేవదూత మొదలగువారందఱును కలలోనివారే యని చెప్పుటకు గ్రంథమం దాధారము లేదనియు, అది యరిస్టాటిలు తత్త్వమును బలవంతముగా గ్రంథమునఁ జొప్పించుటయే యనియు వాదించెను. తనకుఁ బ్రియమైన యుక్తివాదమునకు సహాయము చేయు వ్యాఖ్యానమైనను, నిజము కాదని తోఁచినప్పు డతఁడు దానిని విడిచిపెట్టెను. సంస్కర్తలగువారు ఈ గుణమును ముఖ్యముగా నేర్చుకొనవలయును.

మఱి గ్రంథమే చెప్పున దేమి? సంఖ్యాకాండమునందు, తక్కిన ప్రవక్తలకు దేవుఁడు దర్శనమందును స్వప్నమందును దెలియపఱచుననియు, మోషేతో మాత్రము ముఖాముఖిగా మాటలాడుననియు నున్నది. కావున మోషే తప్పఁ దక్కినవారు తెలిసికొన్నది ఊహాశక్తిచేతనే యని స్పినోజా నిర్ణయించెను. బాలుఁడైన సమూయేలు రాత్రి తన్ను బిలిచిన స్వరము గురువగు ఏలీ స్వరమే యనుకొని యాతనియొద్దకుఁ బరుగెత్తెను. ఏలయన నతఁడు నిత్యము వినుచుండినది యా స్వరమే. కావున నా ధ్వని యాతని యూహయందుఁ బుట్టినదని స్పినోజా యభిప్రాయము. యోసేపునకుఁ గలిగిన భావిసూచనయు నట్లే రూపములద్వారా వచ్చినది. యేసునకు మాత్రము జ్ఞానము రూపములద్వారా కాక మనస్సునుండి మనస్సునకుఁ గలిగినదని యతఁడు చెప్పెను. ఏసును దేవుఁడని పూజింపని యూదకులజుఁడే యిట్లు చెప్పుట గమనింపఁదగినది.

ఊహాశక్తి మనుష్యునిబట్టి మాఱును గనుక దర్శనములును మాఱినవి. యెషయా రాజనగరమువాఁడు, అతఁడు సింహాసనాసీనుఁడైన దేవుని జూచెను. యెహెజ్కేలునకు దేవుఁ డగ్నివలెఁ గనఁబడెను. పల్లెవాఁడైన ప్రవక్తకు ఆవులును ఎద్దులును, సైనికునకు సేనలును సేనాపతులును దోఁచిరి. సంతోషస్వభావునకు విజయమును శాంతియు, విషాదస్వభావునకు యుద్ధములును ఆపదలును గనఁబడినవి. ఎలీషా కోపము చల్లాఱుటకు వీణవాయించువానిని బిలిపించుకొనవలసివచ్చెను. జ్యోతిషమును నమ్మిన తూర్పుదేశపు జ్ఞానులకు యేసు జననము నక్షత్రమువలనఁ దెలిసెను. దానియేలు చూచినవి మేల్కొనినపిమ్మటను, వివరింపఁబడినపిమ్మటను గూడ నతనికే స్పష్టము కాకపోయినవి.

ప్రవక్తలకు లోకజ్ఞానము విషయమునఁ బొరపాటులు లేకపోలేదు. సూర్యుఁడే భూమిచుట్టును దిరుగుచున్నాఁడని యెహోషువ తలఁచెను. అందుచేత ప్రవచనమువలన వారు పండితులు కాలేదనియు, జ్యోతిశ్శాస్త్రమును భౌతికశాస్త్రమును వారినుండి నేర్చుకొనఁ బ్రయత్నింపరాదనియు స్పినోజా చెప్పెను.

ఇచ్చట భక్తుఁడైన చదువరి హృదయము కలఁతచెందును. ప్రవక్త చూచినది యూహయే యైనచో, వాని స్వభావమునుబట్టి మాఱునదియే యైనచో, పొరపాటునకు సహితము లోనైనదైనచో, వెఱ్ఱివాని కలకును ప్రవక్త కలకును భేద మేమి? ఈ యాక్షేపణ న్యాయమైనది. దీనికి స్పినోజా చెప్పిన ప్రత్యుత్తరమే యతని బోధకు హృదయము.

ఊహాశక్తివలనఁ గలిగిన దర్శనమునకు గణితమువంటి నిశ్చయము లేదు. అందుచేతనే ప్రవక్తలు గుఱుతుల నడిగిరి. ఐనను గుఱుతును జాలదు. ద్వితీయోపదేశకాండమునందలి శాసనము చూడుఁడు. ఒక కలలు గనువాఁడు వచ్చి, సూచన చెప్పి, యది నెఱవేఱినను, వాఁడన్యదేవతలను గొలువుఁడని ప్రేరేపించినయెడల వాని మాట వినరాదని యందు స్పష్టముగా నున్నది. అనఁగా కల నిజమగుటయే చాలదు! యిర్మియాయు, తాము కలఁగంటిమి కలఁగంటిమి యని చాటుచు జనులను దప్పుదారిఁ బట్టించువారిని ఖండించి, అట్టి కలలను పొట్టుతోను, దైవవాక్యమును ధాన్యముతోను బోల్చెను. కావున ప్రవక్త నిశ్చయమునకు మూఁడాధారము లున్నవని స్పినోజా చెప్పెను: ఊహయొక్క స్పష్టత యొకటి, గుఱుతు రెండవది, న్యాయమునందును మంచియందును మాత్రమే లగ్నమైన హృదయము మూఁడవది. ఈ మూఁడింటిలో మూఁడవదియే ముఖ్యమైనది. మొదటిది వెఱ్ఱివానికిని గలుగును. రెండవది మోసగానికిని గలుగవచ్చునని శాసనమే యొప్పుకొన్నది. మూఁడవది సజ్జనునకుఁ గాని గలుగదు.

ఈ సూత్రమును జేతఁబట్టుకొని పైఁ జెప్పిన స్వప్నములను మరలఁ జదువుదము. తన పనకు అన్నల పనలు మ్రొక్కెనని బాలుఁడైన యోసేపు చెప్పికొనినప్పుడు, ఆ కలవలనఁ బుట్టినది ద్వేషము. అన్నలు వానిని గుంటలోఁ బడఁద్రోసి బానిసగా నమ్మిరి. ఆ యోసేపే పెద్దవాఁడై, తన కలను విడిచి ఫరో కలకు అర్థము చెప్పినప్పుడు, సమృద్ధిగల యేడేండ్లలోఁ బంటయం దయిదవభాగమును నిలువచేయుమని యుపాయమును గూడఁ జెప్పెను. కరవుకాలమున నా ధాన్యమే దేశమును బ్రతికించినది. తన్ను నమ్మివేసిన యన్నల యాఁకలిని దీర్చినది. కల దైవదత్తమనుటకు యోసేపు చూపిన నిదర్శనము, ధాన్యముతో నిండిన కొట్లే.

నెబుకద్నెజరు మఱియొకప్పుడు ఆకాశము నంటిన మహావృక్షము నఱకఁబడుట కలలోఁ జూచి దానియేలు నర్థ మడిగెను. దానియేలు కీడును జెప్పి యూరకుండలేదు. పాపములను మాని నీతి నవలంబింపుమనియు, బీదలయెడ దయచూపుమనియు రాజునకు బుద్ధి చెప్పెను. ఆ కలయం దాచరింపఁదగిన భాగ మిదియే. అపొస్తలుల కార్యములందు, పేతురు యొప్పేపట్టణమున మిద్దెమీఁదఁ బ్రార్థనచేయుచుఁ బరవశుఁడై, ఆకాశమునుండి దిగుచున్న యొక పెద్ద దుప్పటిలో శుద్ధములనియు అశుద్ధములనియు నెంచఁబడు సకలజంతువులను జూచెను. మొదట దాని యర్థ మతనికిఁ దెలియలేదు. అన్యజాతివాఁడైన కొర్నేలి యింటిగడపలో నడుగుపెట్టినప్పుడే తెలిసినది: ఏ మనుష్యునిఁ గూడ అశుద్ధుఁడని యెంచరాదను నదియే దాని యర్థము. దర్శనము మిద్దెమీఁదఁ గలిగెను. దాని యర్థము మాత్రము ఇతరజాతివాని యింట దొరకెను. మనుష్యుని దాఁకిన మైల యని తలఁచు మన యాచారపరులీ కథను జక్కఁగా విచారింతురు గాక!

స్పినోజా గ్రంథము వెలువడినతోడనే దేశమంతటను గలవరము పుట్టెను. యూదులు వెలివేసినవానినే క్రైస్తవబోధకులును దూషించిరి. విచారస్వాతంత్ర్యమునకుఁ గొంత యాశ్రయమైన యన్ డె విట్టు అను మంత్రి 1672లో హేగునగరపు వీధులలో మూఁకచేతఁ జంపఁబడెను. 1674లో నా గ్రంథమును హాలండు ప్రభుత్వము నిషేధించినది. దానికి ముందు సంవత్సరమున హైడెల్‌బర్గు విద్యాపీఠమునఁ దత్త్వశాస్త్రాచార్యపదవి నిచ్చెదమని యతనికిఁ గబురు వచ్చెను. రాజ్యమునందు స్థాపితమైన మతమునకుఁ గలఁతపెట్టకుండుటకుఁ దన విచారము నెచట నాపవలయునో తనకుఁ దెలియదని చెప్పి, యతఁడు మర్యాదతో నా పదవిని వలదనెను.

హేగునగరమున నతఁడు చిత్రకారుఁడైన వాన్ డెర్ స్పైకు ఇంట నొకగదిలో నుండెను. అతని చరిత్రమును 1705లోఁ బ్రకటించిన కొలేరుసు క్రైస్తవబోధకుఁడు. స్పినోజా మతమును ద్వేషించినవాఁడు. అట్టివాఁడును, ఇంటివారి నడిగి తెలిసికొని, యతని నడవడిని మెచ్చుకొనకుండ లేకపోయెను. ఒకనాఁటి యాహారము వెన్నవేసిన పాలజావ. మఱియొకనాఁటిది ఎండుద్రాక్షవేసిన గంజి. మిత్రుఁడైన డె వ్రీసు రెండువేల ఫ్లారినుల నీయఁబోఁగా నతఁడు పుచ్చుకొనలేదు. ఆ మిత్రుని మరణానంతరము అయిదువందల వార్షికము నీయఁదలఁచిరి; మూఁడువందలు చాలునని తగ్గించుకొనెను. ఇంటివా రస్వస్థులైనప్పుడు వారి చెంతఁ గూర్చుండి యోదార్చెడివాఁడు. ఇంటి యిల్లాలు తన మతమునందుండి తరింపఁగలనా యని యొకనాఁ డతని నడిగినదఁట. ఆమె మతము మంచిదే యనియు, శాంతముగను భక్తితోడను జీవించినఁ జాలుననియు, మఱియొకటి వెదకఁ బనిలేదనియు నతఁడు బదులు చెప్పెనని కొలేరుసు వ్రాసినాఁడు. పండితులకుఁ బ్రవక్తల గ్రంథమును విప్పిచెప్పిన వాఁడు, ఆ సాధ్వి విశ్వాసమును వాదముచేఁ గదల్పలేదు.

ఊపిరితిత్తుల వ్యాధిచేఁ గృశించి, 1677వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదిని, నలువదినాలుగేండ్ల వయస్సున స్పినోజా పరలోకగతుఁడాయెను. నీతిశాస్త్రమను నతని ప్రధానగ్రంథమును, అతని యుత్తరములును మిత్రులచే నా సంవత్సరమే ప్రకటింపఁబడినవి. 1678లో నవియు నిషేధింపఁబడినవి. కాలక్రమమున నా నిషేధములు గాలికిఁ బోయినవి. రైన్స్‌బర్గునం దతఁడు నివసించిన యిల్లు స్మారకముగా రక్షింపఁబడుచున్నది. పూర్వపు బహిష్కారమును దొలఁగింపవచ్చునా యని విచారించుటకు 2015వ సంవత్సరము డిసెంబరులో ఆమ్‌స్టర్డామునఁ బండితులు సభచేసిరి. అది తొలఁగింపఁబడలేదు. అయినను నాలుగు మూరల దూరమున నుంచవలసినవాని గ్రంథములు నేఁడు లోకమం దన్నిభాషలవారి చేతులలోను ఉన్నవి.

చదువరులారా! ఈశ్వరుని గూర్చియు, అద్భుతములను గూర్చియు స్పినోజా చెప్పిన దంతయు మీరు గ్రహింపవలయునని మేము చెప్పుట లేదు. అతఁడు చూపిన పరీక్షను మాత్రము మఱవకుఁడు. కల వచ్చెనని యొకఁడు చెప్పినప్పుడు, అది నెఱవేఱెనా యని యడుగుటకు ముందు, అది యేమి చేయుమనుచున్నదని యడుగుఁడు. మనుష్యుని మనుష్యునినుండి విడఁదీయుమని చెప్పిన కల నూఱుమాఱులు నిజమైనను దైవవాణి కానేరదు. ఆఁకలిగొన్నవానికిఁ బెట్టుమనియు, బీదవానియెడ దయచూపుమనియు, అశుద్ధుఁడని యెంచఁబడువాని గడపఁ ద్రొక్కుమనియు జెప్పునది మేలుకొనియున్నప్పుడు వినఁబడినను, నిద్రయందు వినఁబడినను ఈశ్వరాజ్ఞయే. దానిని వినుటకు మనము గాఢనిద్రకై వేచియుండ నక్కఱలేదు. తెల్లవాఱినది, పనియు మనయెదుటనే యున్నది.